వైద్యుని పేరు ప్రక్కన నేమున్నది?

దక్షిణ అండమానులో, పోర్ట్ బ్లెయిర్ పట్టణమునకు చేర్చి డాలీగంజ్ అను పేట కలదు. ఆ పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురమను పేరు పెట్టబడినది. పేట పేరు మాత్రము పాతదే. భారత వైద్య పరిశోధనా మండలి వారు 1983లో ఈ ద్వీపములందు స్థాపించిన ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రము డాలీగంజ్‌లోనే యున్నది.

2011 జనాభా లెక్కలనుబట్టి అండమాను నికోబారు ద్వీపములలో 3,80,581 మంది నివసించుచుండిరి. వారిలో నూటికి దాదాపు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములనుండి ఓడనెక్కి వచ్చినవారు, లేదా అట్లు వచ్చినవారి సంతతి. తాపీపని, చేపల వేట, కూలిపని, చిన్న వర్తకము వీరి జీవనాధారములు. రెక్కాడినగాని డొక్కాడని వారికి జ్వరమన్నది పెద్ద గండము. పని మానిన దినమున కూలి లేదు. కనుక త్వరగా లేచి తిరుగుటయే వారికి కావలసినది. తన్ను త్వరగా లేపుదునన్నవానిని నమ్ముట వారికి సహజము.

ఇచ్చటి జ్వరములు సామాన్యమైనవి కావు. 1988 మొదలు ఉత్తర అండమానులో ఒక జ్వరము వ్యాపించి ప్రజలను భయపెట్టినది. రోగులకు దగ్గుతో రక్తము పడుచుండెడిది. కారణము తెలియక దానిని అండమాను రక్తస్రావ జ్వరమని పిలిచిరి. అది లెప్టోస్పైరోసిస్ అను వ్యాధియని తరువాతి దశకములో పరిశోధకులు తేల్చిరి. ఎలుకలు, పశువులు మొదలగు వాని మూత్రముతో కలుషితమైన నీటిలోను, బురదలోను పనిచేయువారికి ఈ వ్యాధి సోకును. తొలిదినములలో సరియైన మందు పడినచో సాధారణముగా నయమగును. ఆలస్యమైనచో కాలేయము, మూత్రపిండములు, ఊపిరితిత్తులు దెబ్బతినును. మొదటి మూడు నాలుగు దినములలో ఇది మలేరియానో, డెంగ్యూనో, వట్టి పడిశపు జ్వరమో పైకి చూచి చెప్పుట చదువుకొన్నవారికే కష్టము. ఇట్టిచోట రోగి ఎవరి చేతికి తన చేయి అందించుచున్నాడో తెలిసికొనుట ప్రాణముతో ముడిపడిన విషయము.

ఒక మేస్త్రీ కథ

టెక్కలి ప్రాంతమునుండి వచ్చి డాలీగంజ్‌లో కాపురమున్న ఒక తాపీ మేస్త్రీని ఊహింపుడు. వానకాలము. పునాది గుంతలలో నీరు నిలిచినది. పది దినములు మోకాలి లోతు బురదలో నిలిచి పనిచేసినాడు. ఒకనాటి రాత్రి వణకుతో జ్వరము వచ్చినది. పిక్కలు తాకనీయని నొప్పి, కన్నులు ఎఱ్ఱబడినవి. తోడిపనివాడు, వరుసకు బావమరిది, తెల్లవారగనే వచ్చినాడు.

"బావా, సందు మొగలో ఒక డాక్టరున్నాడట. ఒక్క ఇంజక్షను పొడిస్తే సాయంత్రానికి లేచి కూచుంటావట. పద పోదాం."

"ఏం చదువుకున్నాడో ఏమో?"

"ఊరుకో బావా! జ్వరానికి చదువేంటి? బోర్డు మీద డాక్టరని ఉంది కదా, చాలదా?"

ఇంజక్షను పడినది. సాయంత్రమునకు జ్వరము దిగినది. మరునాడు మేస్త్రీ పనిలోనికి పోయినాడు. ఐదవనాడు కన్నులు పచ్చబడినవి, మూత్రము తగ్గినది. అప్పుడు పట్టణములోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రికి పరుగెత్తిరి. అచ్చటి వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న: "ఏ మందు ఎక్కించినారు? చీటీ ఉన్నదా?" చీటీ లేదు. మందు పేరు తెలియదు. ఇచ్చినవాని పేరును తెలియదు. జ్వరము దిగుటతో రోగము దిగలేదు. దాని జాడ మాత్రము కొన్నాళ్లు కనబడకుండ పోయినది. చికిత్సకు అనువైన దినములు చేజారినవి.

ఈ కథలోని మనుష్యులు కల్పితులు. కాని బావమరిది పలికిన మాట కల్పితము కాదు. బోర్డుమీద డాక్టరని యున్నచో చాలునను నమ్మకము తెలుగునాట ఊరూర వినవచ్చునదే. దానిని ఓడ ఎక్కినవారు తమ మూటతోపాటు ఇచ్చటికిని తెచ్చుకొన్నారు.

అడుగుటకు జంకు ఎందుకు?

వైద్యుని దైవసమానునిగా నెంచుట మన సంప్రదాయము. దైవమును అర్హత అడుగుట పాపమని పామరులు తలచుదురు. "అయ్యా, తమరేమి చదివినారు?" అని అడిగినచో ఆయనకు కోపము వచ్చునేమో, సరిగా చూడడేమో యను భయము మరియొకటి.

తెలుగు పల్లెలలో ఆర్.ఎం.పి. డాక్టరను మాట అందరును ఎరిగినదే. ఆ మూడక్షరములకు అసలర్థము నమోదు పొందిన వైద్యుడని. వ్యవహారములో మాత్రము నమోదు లేకయే ఊరిలో మందులిచ్చు వానిని ఆ పేరుతో పిలుచుచున్నారు. మాట అర్థము తలక్రిందులైనది. వైద్య మండలి జాబితాలో పేరులేని వానికి, ఆ జాబితాలో పేరున్నదని తెలుపు బిరుదే నిలిచిపోయినది.

అట్టివారందరును దుర్మార్గులని చెప్పుట న్యాయము కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినను వత్తురు. డబ్బు తరువాత ఇమ్మందురు. రోగి భాషలో మాటలాడుదురు. పెద్ద ఆసుపత్రి దూరమైనచోట వీరే దగ్గరివారు. కాని మంచితనము వేరు, విద్య వేరు. ఇరుగుపొరుగుననున్న మంచివానిని అన్నా యని పిలువవచ్చును. అంతమాత్రమున వానిచేత సూది గుచ్చించుకొనరాదు.

పాత కాలపు జాగ్రత్త

వైద్యుని అర్హత ప్రజలకు తెలియవలెనను తలంపు నేటిది కాదు. శాస్త్రమును చదివి, అర్థము గ్రహించి, చేతి పని అభ్యసించి, రాజు అనుజ్ఞ పొందిన పిదపనే వైద్యుడు వృత్తిలో ప్రవేశింపవలెనని సుశ్రుత సంహిత విధించినది. చరక సంహిత వైద్యులను మూడు తెగలుగా విభజించినది. మందుల పాత్రలు, గ్రంథములు, వేషము చూపి వైద్యుడనిపించుకొనువాడు ఛద్మచరుడు. పేరున్నవారితో తనకు గల పరిచయమును చెప్పుకొని చెలామణి యగువాడు సిద్ధసాధితుడు. విద్యయు, అనుభవమును కలిగి ప్రాణమును నిలుపువాడు జీవితాభిసరుడు. ఫలానా పెద్ద డాక్టరుగారి వద్ద పదేండ్లు పనిచేసితినని చెప్పుకొనుచు దుకాణము తెరచు వానిని చరకుడు ఆనాడే గుర్తించినాడన్నమాట.

ఇంగ్లండులో 1858లో చేసిన వైద్య చట్టము వైద్యుల నమోదు గ్రంథమును ఏర్పరచినది. చికిత్స అవసరమైనవారు అర్హులను అనర్హులనుండి వేరుచేసి గుర్తింపగలుగుటయే దాని ఉద్దేశమని ఆ చట్టపు పీఠికలోనే యున్నది. ఆనాడు తెలుగు కోస్తా జిల్లాలు చేరియున్న మద్రాసు రాజధానిలో 1914లో వైద్యుల నమోదు చట్టము వచ్చినది. 1916లో వచ్చిన భారత వైద్య పట్టముల చట్టము, లేని పట్టమును పేరు ప్రక్కన తగిలించుకొన్నవానికి తొలి తప్పుకు 250 రూపాయలవరకు, మరల చేసినచో 500 రూపాయలవరకు జరిమానా విధించినది. ఆ కాలమున అది చిన్న మొత్తము కాదు.

నేటి చట్టములు చెప్పునది

వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన నియమావళిని భారత వైద్య మండలి 2002లో ప్రకటించినది. అందలి కొన్ని నియమములు ప్రతి రోగియు తెలిసికొనదగినవి. వైద్యుడు తన రిజిస్ట్రేషను నంబరును చికిత్సాలయమున అందరికి కనబడునట్లు ఉంచవలెను. తానిచ్చు మందుల చీటీమీదను, ధ్రువపత్రముమీదను, డబ్బు పుచ్చుకొన్న రసీదుమీదను ఆ నంబరు ఉండవలెను. పేరు ప్రక్కన గుర్తింపుగల పట్టములనే వ్రాసికొనవలెను. ప్రత్యేక విద్య లేనిదే ఆ శాఖలో నిపుణుడనని చెప్పుకొనరాదు. తాను పుచ్చుకొను ఫీజును బోర్డుపై తెలుపవలెను. తాను ఉండని చోటగాని, పనిచేయని చోటగాని, మందుల దుకాణముమీదగాని తన పేరుబోర్డు తగిలింపరాదు. రోగుల రద్దీ గల ప్రభుత్వాసుపత్రిలో సైతము చీటీ వ్రాసిన వైద్యుడు సంతకము క్రింద తన పేరు వ్రాయవలెను.

ఈ నియమావళికి బదులుగా జాతీయ వైద్య కమిషను 2023 ఆగస్టు 2న క్రొత్తదానిని ప్రకటించినది. కాని అదే నెలలో దానిని నిలిపివేసి, 2002 నియమములనే మరల అమలులోనికి తెచ్చినది.

వైద్యునికి సంబంధించినది ఈ నియమావళి కాగా, చికిత్సాలయమునకు సంబంధించినది 2010 నాటి క్లినికల్ సంస్థల నమోదు, నియంత్రణ చట్టము. ఇది 2012 మార్చి 1న అరుణాచల్ ప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్, మిజోరాం, సిక్కిం రాష్ట్రములలోను, ఢిల్లీ తప్ప తక్కిన కేంద్రపాలిత ప్రాంతములలోను అమలులోనికి వచ్చినది. కనుక అండమాను నికోబారు ద్వీపములకు ఈ చట్టము మొదటినుండియు వర్తించుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు వేరొక చట్టము చేయబడినది. అందుచేత శ్రీకాకుళమునుండి వచ్చినవానికి ఈ పద్ధతి పూర్తిగా క్రొత్తది కాదు.

2010 చట్టము ప్రకారము ఆసుపత్రియైనను, ఒక్క గది క్లినిక్కయినను, రక్తపరీక్షల కేంద్రమైనను నమోదు కావలసినదే. అల్లోపతి, ఆయుర్వేదము, హోమియోపతి, యునాని మొదలైన గుర్తింపుగల పద్ధతులన్నియు దీని క్రిందికి వచ్చును. నమోదు పత్రమును వచ్చిపోవు వారందరికి కనబడుచోట తగిలింపవలెను. ఏ సేవకు ఎంత పుచ్చుకొందురో స్థానిక భాషలోను, ఇంగ్లీషులోను ప్రకటింపవలెనని 2012 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. నమోదు లేక సంస్థను నడుపువారికి తొలి తప్పుకు 50 వేల రూపాయలవరకు, రెండవ తప్పుకు 2 లక్షలవరకు, ఆపైన 5 లక్షలవరకు జరిమానా కలదు. నమోదు అధికార సంఘమునకు జిల్లా కలెక్టరు అధ్యక్షుడు. జిల్లా ఆరోగ్యాధికారి సమావేశకర్త.

ఇక నమోదు లేని వ్యక్తి ఆధునిక వైద్యము చేసినచో 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టపు 34వ విభాగము ప్రకారము ఒక సంవత్సరమువరకు కారాగారము, లేదా 5 లక్షల రూపాయలవరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును.

ఇట్టి ఏర్పాట్లు ఇతర దేశములలోను కలవు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో ఆసుపత్రిలో పనిచేయువారు తమ పేరును, తమకున్న లైసెన్సు ఏ తరగతిదో తెలుపు బిళ్లను ధరింపవలెను. అక్షరములు ఎంత పెద్దవిగా నుండవలెనో కూడ అచ్చటి చట్టమే నిర్ణయించినది. తెల్లకోటు ధరించినవారందరును డాక్టర్లు కారని రోగికి తెలియవలెననుటయే దాని భావము.

అక్షరములు చదువు విధము

బోర్డుమీది అక్షరములు పరభాషవైనను కొద్దిపాటి తెలివితో గుర్తుపట్టవచ్చును. ఎం.బి.బి.ఎస్. అనునది ఆధునిక వైద్యములో మూల పట్టము. ఎం.డి., ఎం.ఎస్. అనునవి దానిపై చదువులు. బి.డి.ఎస్. దంతవైద్యము. బి.ఎ.ఎం.ఎస్. ఆయుర్వేదము, బి.హెచ్.ఎం.ఎస్. హోమియోపతి, బి.యు.ఎం.ఎస్. యునాని. ఇవియన్నియు ఏండ్ల తరబడి చదివి పొందు గౌరవప్రదమైన పట్టములే. ఎవరి పద్ధతి వారిది. ఆర్.ఎం.పి. అను మూడక్షరములు మాత్రము పట్టము కావు. వాని ప్రక్కన చదువు పేరును, నంబరును లేనిచో అవి దేనికిని సాక్ష్యము కావు.

ఒక పద్ధతి చదివి వేరొక పద్ధతిలో చికిత్స చేయుట ఎంత ప్రమాదమో 1996 మే 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాటినది. హోమియోపతి చదివిన ఒక వైద్యుడు జ్వరముతో వచ్చిన రోగికి అల్లోపతి మందులిచ్చెను. రోగి మరణించెను. తాను చదువని పద్ధతిలో చికిత్స చేయువాడు వైద్యుడుగా నటించువాడే యగునని న్యాయస్థానము నిర్ణయించి, రోగి భార్యకు 3 లక్షల రూపాయల పరిహారమిప్పించినది. ఆ వైద్యునికి పట్టమున్నది, నమోదున్నది. కాని తాను చేసిన చికిత్సకు అవి సరిపోయినవి కావు. కనుక నంబరున్నదా యని చూచుటతోపాటు, అది ఏ పద్ధతికి చెందినదో కూడ చూడవలెను.

రోగి చేయదగినది

చట్టము బోర్డు పెట్టుమని వైద్యునికి చెప్పినది. దానిని చదువు పని రోగిది. చదువరాని బోర్డు లేని బోర్డుతో సమానము. డాలీగంజ్ వంటి చోట బోర్డులు ఎక్కువగా హిందీలోను, ఇంగ్లీషులోను ఉండును. తెలుగు బడిలో నాలుగు తరగతులు చదివిన కూలీకి అవి అర్థము కావు. కాని బడికి పోవు పిల్లవానిని వెంట తీసికొనిపోయినచో చాలును. వైద్యుని పేరు, పట్టము, రిజిస్ట్రేషను నంబరు, దానినిచ్చిన వైద్య మండలి పేరు, ఈ నాలుగును ఒక కాగితముపై వ్రాయింపవలెను. ద్వీపములలో పనిచేయు వైద్యులు వేరువేరు రాష్ట్రముల మండలులలో నమోదైనవారు కావచ్చును. కనుక మండలి పేరు అవసరము. చేతి ఫోనున్నవారు జాతీయ వైద్య కమిషను వెబ్‌సైటులో వైద్యుల జాబితాను వెదకి చూడవచ్చును. 2024 ఆగస్టులో జాతీయ వైద్యుల రిజిస్టరు కూడ ప్రారంభింపబడినది.

అడుగుటలో మర్యాద తప్పనక్కరలేదు. "డాక్టరుగారూ, చీటీమీద తమ నంబరు వేసి ఇప్పించండి. పెద్దాసుపత్రికి పోవలసివస్తే చూపించుకుంటాము" అని వినయముగా అడుగవచ్చును. అర్హుడైన వైద్యుడు దీనికి కోపించడు. ఏండ్లకొలది చదివి సంపాదించిన నంబరును చూపుట ఆయనకు గౌరవమే. ఎవరు కసరుకొందురో, "నామీద నమ్మకము లేదా?" యని ఎవరు మాట తప్పింతురో వారివద్దనే రోగి జాగ్రత్తపడవలెను. అడుగనిదే అమ్మయినను అన్నము పెట్టదని సామెత. చట్టమిచ్చిన హక్కు విషయమునను అంతే.

చీటీ లేకుండ మందుగాని, ఇంజక్షనుగాని పుచ్చుకొనరాదు. ఆ చీటీని పారవేయరాదు. జబ్బు ముదిరి మరియొక వైద్యుని యొద్దకు పోవలసివచ్చినప్పుడు అదియే దారి చూపును. ఆసుపత్రిలో చేరినవారు తమ చికిత్సా వివరములు కోరినచో 72 గంటలలోగా ఇయ్యవలెనని 2002 నియమావళియే చెప్పుచున్నది. తనకు చికిత్స చేయుచున్నవారి పేరు, హోదా తెలిసికొను హక్కు రోగికి కలదని 2018లో జాతీయ మానవ హక్కుల కమిషను రూపొందించిన రోగుల హక్కుల పత్రమును పేర్కొన్నది.

అనుమానము కలిగినచో తగవులాడుట మేలు కాదు. నమోదు లేని చికిత్సాలయమును గూర్చి జిల్లా నమోదు అధికార సంఘమునకు వ్రాయవచ్చును. నమోదైన వైద్యుని తప్పును గూర్చి అతడు నమోదైన వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చును. అట్టి ఫిర్యాదుపై 6 మాసములలో నిర్ణయము జరుగవలెనని నియమము.

ఒక హెచ్చరిక. రక్తము కారుచున్నప్పుడు, ఊపిరి అందనప్పుడు, ప్రసవవేదనలో, పాముకాటులో పట్టములు పరిశీలించుచు కూర్చుండరాదు. వెంటనే పెద్దాసుపత్రికి చేర్పవలెను. ప్రమాదస్థితిలో వచ్చిన రోగికి తన శక్తికొలది తొలి చికిత్స చేసి ప్రాణము నిలుపుట ప్రతి నమోదైన సంస్థకును 2010 చట్టము విధించిన బాధ్యత. అర్హతల విచారణ తీరికగల వేళ, జబ్బు రాకముందే, చేసియుంచుకొనదగినది.

మేస్త్రీ ఇల్లు కట్టుటకు పూనుకొన్నప్పుడు యజమాని ఊరకుండడు. ఇంతకుముందు ఎక్కడ కట్టినావు, ఎవరివద్ద పని నేర్చినావని అడుగును. మేస్త్రీ దానికి నొచ్చుకొనడు. తాను కట్టిన గోడలను వ్రేలితో చూపును. ఇటుకల గోడకే ఇంత విచారణ యున్నప్పుడు, ఆ మేస్త్రీ తన దేహమును ఒకరి చేతిలో పెట్టునపుడు ఒక్క ప్రశ్నయైన అడుగుట న్యాయము. ఈసారి జ్వరము వచ్చినప్పుడు బావమరిది "బోర్డుమీద డాక్టరని ఉంది కదా" అనినచో, "ఆ క్రింద ఇంకేముందో అది కూడ చదివించరా" అని మేస్త్రీ చెప్పవలెను. సమాధానము ఆ బోర్డుమీదనే యుండవలెను. లేనిచో ఆ గడప దాటక, పెద్దాసుపత్రి త్రోవ పట్టుటయే క్షేమము.